పసుపు వంటింట ఉండవలసిన ద్రవ్యం

పసుపుతో మెదడు కణాలు వృద్ధి చెందుతాయనే మాట ఇటీవల విస్తారంగా ప్రచారంలోకి వచ్చింది. పరీక్షలు సమీపించగానే పిల్లలకు పసుపు సారపు క్యాప్సూళ్లు వేయవచ్చునా అని అడిగే తల్లిదండ్రులు ఎక్కువయ్యారు. నా అభిప్రాయం ఒక్కటే: వద్దు.

ఆ మాట నిరాధారం కాదు. పసుపుకు వన్నెనిచ్చే కర్కుమిన్ పాలీఫినాల్ వర్గానికి చెందినది. 2008లో ప్రచురితమైన ఒక పరిశోధనలో స్వల్ప పరిమాణంలో కర్కుమిన్ ఎలుకల నాడీ మూలకణాల వృద్ధికి తోడ్పడింది. జ్ఞాపకానికి ముఖ్యమైన హిప్పోకాంపస్ భాగంలో కొత్త కణాలు అధికమయ్యాయి. అయితే పరిమాణం హెచ్చినప్పుడు అదే పదార్థం మూలకణాలకు విషమైంది. ప్రచారకులు మొదటి సగం చెప్పి రెండవ సగం విడిచిపెడుతున్నారు. ఆయుర్వేదంలో 'మాత్ర' అంటే బిళ్ళ కాదు, పరిమాణం. మాత్ర తప్పితే అమృతమూ విషమే.

పైగా ఎలుక మెదడులో జరిగినదంతా మనిషి మెదడులో జరుగుతుందనుకోరాదు. వయోజనుల హిప్పోకాంపస్‌లో కొత్త నాడీకణాలు పుడతాయని 1998లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. 2018లో వెలువడిన రెండు పరిశోధనలలో ఒకటి దానిని సమర్థించగా, మరొకటి అటువంటి కణాలు కానరాలేదన్నది.

వంటపసుపులో కర్కుమిన్ నూటికి సుమారు మూడు పాళ్లు మాత్రమే. అందులోనూ రక్తంలో చేరేది అత్యల్పం. మిరియాలలోని పైపెరిన్ తోడైతే మనుషులలో దాని లభ్యత 2000 శాతం పెరిగినట్లు 1998లో బెంగుళూరు పరిశోధకులు చూపారు. అందుకే అనేక క్యాప్సూళ్లలో గాఢమైన సారానికి పైపెరిన్ జోడిస్తున్నారు. ఇతర మందులు శరీరంలో పనిచేసే తీరును కూడా పైపెరిన్ మార్చగలదు. సారపు ఉత్పత్తులు వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతినడంతో, వాటిపై హెచ్చరిక ముద్రించాలని 2022లో ఇటలీ ఆరోగ్య శాఖ ఆదేశించింది. చారులో వేసే చిటికెడు పసుపుకూ, ఈ సారానికీ పోలిక లేదు.

చరకసంహిత చికిత్సాస్థానంలో మేధ్యరసాయనాలుగా నాలుగింటిని పేర్కొన్నారు: మండూకపర్ణి స్వరసం, పాలతో యష్టిమధు చూర్ణం, తిప్పతీగ స్వరసం, శంఖపుష్పి కల్కం. పసుపు ఆ నాలుగింటిలో లేదు. ఆ నాలుగూ సైతం వయస్సును, అగ్నిబలాన్ని పరీక్షించి వైద్యుడు నిర్ణయించవలసినవే.

కనుక తల్లిదండ్రులకు నా మనవి: బిడ్డకు వేళకు నిద్ర, వేళకు భోజనం అమర్చండి. పసుపును పోపులో, పప్పులో వేయండి. ఆ డబ్బాను మందుల అలమరలోకి మార్చకండి.