పురుడు అక్కడ.. జ్వరం ఇక్కడ!

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మధ్యాహ్నం ఒంటిగంటకు గ్రైండర్ల మోత ఆగుతుంది. గ్యారేజీల్లో, వెల్డింగ్ షాపుల్లో, పాత కార్ల సామాన్ల గోదాముల్లో పనిచేసేవాళ్లు అన్నం డబ్బా విప్పుతూ ఇంటికి వీడియో కాల్ కలుపుతారు. ఊళ్లో అప్పుడు రెండున్నర. నేను స్టోర్‌కీపర్‌గా ఉన్న చోట జగిత్యాల జిల్లా తమ్ముడు ఒకడు పనిచేస్తున్నాడు. ఆ వేళకు అక్కడ అతని భార్య ఐదేళ్ల కొడుకును చాప మీద పడుకోబెట్టి కాళ్లూ చేతులూ సాగదీస్తుంటుంది. ఇక్కడ ఇతను ఫోన్‌ను డబ్బాకు ఆనించి పెట్టి అంకెలు లెక్కపెడతాడు. ఇరవై లెక్కపెడితే ఒక కాలు అయినట్టు. నాన్న గొంతు వినపడితేనే వాడు ఏడవకుండా చేయించుకుంటాడట.

ఆ పిల్లాడు పుట్టినప్పుడు ఏ లోపమూ కనిపించలేదు. తల కాస్త పెద్దదంటే తాత పోలిక అనుకున్నారు. ఆరో నెలలో తల్లితో పాటు షార్జా వచ్చాడు. రోలాలో అద్దె గదిలో బోర్లా పడ్డాడు, కూర్చున్నాడు. తొమ్మిదో నెలలో రెండు రోజులు జ్వరం, వాంతులు. మూడో రోజు తెల్లవారుజామున నాకు ఫోన్ వచ్చింది. ‘‘అన్నా, పిలగాడు మొన్నటిదాంక మంచిగ కూసున్నడు. ఇప్పుడు మెడ నిలుస్తలేదు.’’

ఆ తర్వాత ఒళ్లు బిగుసుకుపోవడం, చేతులు మెలితిరగడం మొదలైంది. కాగితాల మీద ‘సెరిబ్రల్ పాల్సీ’ అని రాశారు. అసలు పేరు తెలియడానికి మూడేళ్లు పట్టింది. హైదరాబాద్‌లో ఒక డాక్టర్ పాత ఎంఆర్‌ఐ చూసి మూత్ర పరీక్ష రాశారు. జబ్బు పేరు గ్లూటారిక్ ఎసిడ్యూరియా టైప్-1.

ఈ పేరు మన పాఠకుల్లో చాలామంది విని ఉండరు. అయినా గల్ఫ్‌లో ఉన్న ప్రతి తెలుగు కుటుంబం దీని గురించి ఒకసారి ఆలోచించాలి. ఎందుకంటే ఆ పిల్లాడికి జరిగిన నష్టంలో జబ్బుకు ఎంత పాత్ర ఉందో, మనం కాన్పు ఒక దేశంలో, కాపురం మరో దేశంలో పెట్టుకునే తీరుకూ అంత పాత్ర ఉంది.

జబ్బు సంగతి

మనం తినే ప్రోటీన్లలో లైసిన్, ట్రిప్టోఫాన్ అనే భాగాలుంటాయి. వాటిని అరిగించే ఒక ఎంజైమ్ ఈ పిల్లల్లో సరిగా పనిచేయదు. దాంతో హానికరమైన ఆమ్లాలు పేరుకుంటాయి. వైద్య ప్రపంచం దీన్ని తొలిసారి నమోదు చేసింది 1975లో. ప్రపంచవ్యాప్తంగా సుమారు లక్ష జననాల్లో ఒకరికి ఉంటుందని అంచనా. మామూలు రోజుల్లో బిడ్డ హాయిగానే ఉంటాడు. ఎక్కువగా మూడు నెలల నుంచి మూడేళ్ల లోపు, జ్వరమో విరేచనాలో వచ్చి తిండి తగ్గినప్పుడు, శరీరం సొంత కండరాల ప్రోటీన్‌నే కరిగించుకోవడం మొదలుపెడుతుంది. అప్పుడు ఆ ఆమ్లాలు ఒక్కసారిగా పెరిగి, మెదడు లోపల కదలికలను అదుపు చేసే భాగాన్ని దెబ్బతీస్తాయి. ఒకటి రెండు రోజుల్లోనే నష్టం జరిగిపోతుంది. అది మళ్లీ వెనక్కి రాదు.

దీని తర్వాత వచ్చే కండరాల మెలికను డిస్టోనియా అంటారు. చాలామంది పిల్లల్లో తెలివి పెద్దగా చెడదు. అమ్మ చెప్పింది అర్థమవుతుంది, నవ్వొస్తుంది, కోపమొస్తుంది. చెయ్యి మాత్రం చెప్పిన మాట వినదు. మింగడం కష్టం, నిద్ర కష్టం. అన్నం తినిపించడానికే తల్లికి గంటకు పైగా పడుతుంది.

మన పెద్దలు ‘లంఖణం పరమౌషధం’ అన్నారు. జ్వరమొస్తే కడుపు మాడ్చడం మనకు అలవాటు. ఈ బిడ్డలకు ఆ లంఖణమే శత్రువు. జబ్బు ముందే తెలిస్తే చేయాల్సింది వేరు. రోజూ లైసిన్ తక్కువ ఉన్న తిండి, ప్రత్యేకమైన పాలపొడి, కార్నిటిన్ అనే మందు. జ్వరమొస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి గ్లూకోజ్ ఎక్కించడం, తాత్కాలికంగా ప్రోటీన్ ఆపడం. ఈ పద్ధతిలో పెరిగిన పిల్లల్లో ఎక్కువమంది దెబ్బ తినకుండా బయటపడుతున్నారు. ఆరేళ్లు దాటితే ముప్పు బాగా తగ్గుతుంది. అంటే ఇది ముందు తెలిస్తే కాపాడుకోగలిగిన జబ్బు.

ఒక్క చుక్క రక్తం

ముందు తెలుసుకోవడం ఎలా? బిడ్డ పుట్టిన రెండు మూడు రోజుల్లో మడమ మీద చిన్న పోటు పొడిచి, రక్తపు చుక్కలను ప్రత్యేకమైన కాగితంపై ఆరబెట్టి ల్యాబ్‌కు పంపుతారు. యుఏఈలో నవజాత శిశువులకు ఈ పరీక్ష 1995లోనే మొదలైంది. మొదట ఒకే జబ్బుకు చేసేవారు. తర్వాత పలు జీవక్రియ లోపాలకు విస్తరించారు. మన దేశంలో అందరికీ తప్పనిసరిగా ఇలాంటి రక్తపరీక్ష లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుకతో కనిపించే లోపాలను, ఎదుగుదల జాప్యాన్ని గుర్తిస్తారు. కంటికి కనిపించని ఇలాంటి లోపం ఆ చూపుకు అందదు.

ఇక్కడే మన ఇళ్ల సంగతి వస్తుంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మన ఆచారం. పైగా ఇక్కడ కాన్పు ఖర్చు భరించే జీతాలు ఇండస్ట్రియల్ ఏరియాలో కొద్దిమందివే. కాబట్టి ఏడో నెలలోనే భార్యను ఊరికి పంపిస్తాం. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ విమాన టికెట్‌తో పాటు, ఇక్కడ పుట్టి ఉంటే బిడ్డకు జరిగి ఉండే పరీక్షను వదులుకుంటున్నామని మనకెవరూ చెప్పరు. ఆరు నెలల తర్వాత వీసా మీద బిడ్డ ఇక్కడికి వచ్చేసరికి ఆ దశ దాటిపోతుంది. ఇక్కడి డాక్టర్‌కు పుట్టుక కాగితాలు ఉండవు. అక్కడి డాక్టర్‌కు జ్వరం నాటి కాగితాలు ఉండవు. ఫైలు రెండు దేశాల మధ్య రెండు ముక్కలవుతుంది.

పెన్సిల్వేనియా నుంచి హైదరాబాద్ దాకా

అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఆమిష్ అనే రైతు సమాజం ఉంది. తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటారు. వాళ్ల పిల్లల్లో కొందరు ఇలాగే జ్వరం తర్వాత బిగుసుకుపోయేవారు. ‘సెరిబ్రల్ పాల్సీ’ అనేవారు. 1980ల చివర్లో హోమ్స్ మోర్టన్ అనే పిల్లల డాక్టర్ అది గ్లూటారిక్ ఎసిడ్యూరియా అని గుర్తించి, 1989లో ఆ ఊళ్ల మధ్యే క్లినిక్ పెట్టారు. పుట్టగానే పరీక్ష, జ్వరానికి వెంటనే వైద్యం. అంతకుముందు ఈ జబ్బున్న పిల్లల్లో ఎక్కువమంది వికలాంగులయ్యేవారు. తర్వాత అలాంటివారు కొద్దిమందే.

మనకు దీంతో పోలిక లేకపోలేదు. ఈ జబ్బు రావాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు రావాలి. దగ్గరి బంధువుల్లో అలాంటి జోడీ కుదిరే అవకాశం ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లిళ్లలో దాదాపు నాలుగింట ఒకటి రక్తసంబంధీకుల మధ్యేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. తెలంగాణలో అంతకంటే తక్కువైనా దేశ సగటును మించే ఉంది. మేనరికం చేసుకున్నవాళ్లను దోషుల్ని చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. మేనరికంలో పుట్టిన పిల్లల్లో అత్యధికులు ఆరోగ్యంగానే ఉంటారు. మేనరికం లేని ఇళ్లలోనూ ఈ జబ్బు వస్తుంది. ముప్పు ఎక్కువున్న చోట పరీక్ష మరింత అవసరమన్నదే నా వాదన. ఇదే ఆలోచనతో యుఏఈ తన పౌరులకు 2025 జనవరి నుంచి పెళ్లికి ముందు జన్యు పరీక్షను తప్పనిసరి చేసింది.

లక్షలో ఒకరి కోసం అంత ఖర్చా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే అదే రక్తపు చుక్కతో థైరాయిడ్ లోపంతో సహా పదుల జబ్బులను పట్టుకోవచ్చు. హైదరాబాద్‌లోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మంది శిశువులకు ప్రయోగాత్మకంగా ఇలా పరీక్షలు చేశారు. ప్రతి వెయ్యి మందిలో ఒకరికి పుట్టుకతో వచ్చే జీవక్రియ లోపం ఉన్నట్టు 2004లో ప్రచురించిన ఆ ఫలితాలు చూపాయి. ఒక్కో జబ్బు అరుదైనదే. అన్నీ కలిపితే అరుదు కాదు.

జీతం గీత మీద కుటుంబం

దెబ్బ తగిలాక కుటుంబం ఎలా బతుకుతుందో కూడా చెప్పాలి. యుఏఈలో భార్యాపిల్లల్ని తెచ్చుకోవాలంటే నెలకు 4,000 దిర్హమ్‌లు, లేదా 3,000తో పాటు వసతి ఉండాలి. మా తమ్ముడి జీతం ఆ గీతకు కాస్త పైన ఉండేది. థెరపీల కోసం సెలవులు పెడితే ఓవర్‌టైమ్ పోయింది. ఏడాది తిరక్కుండానే తల్లీబిడ్డలు ఊరికి వెళ్లారు, అతను క్యాంపుకు మారాడు.

2025 జనవరి 1 నుంచి షార్జాతో సహా ఉత్తర ఎమిరేట్లలో ప్రైవేటు కార్మికులకు ఆరోగ్య బీమా తప్పనిసరి అయింది. ఏడాదికి 320 దిర్హమ్‌ల ప్రాథమిక ప్యాకేజీ. యజమానే కట్టాలి. మంచి అడుగే. కానీ యజమాని మీద పెట్టిన ఆ బాధ్యత కార్మికుడి వరకే. ఏళ్ల తరబడి వారానికి మూడు నాలుగు థెరపీలు కావాల్సిన పిల్లాడి బరువు తండ్రి మీదే ఉంటుంది. వికలాంగ సంతానానికి వయసుతో నిమిత్తం లేకుండా తల్లిదండ్రుల స్పాన్సర్‌షిప్‌పై ఉండే వీలును 2022లో ఇక్కడి ప్రభుత్వం కల్పించింది. 1979 నుంచి నడుస్తున్న షార్జా సిటీ ఫర్ హ్యుమానిటేరియన్ సర్వీసెస్ లాంటి సంస్థలూ ఉన్నాయి. తలుపులు లేవని కాదు. వాటి దాకా వెళ్లడానికి జీతం, సెలవు రెండూ కావాలి.

పేరు తెలిస్తే తెరుచుకునే తలుపులు

మన దేశంలో 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం జాబితాలో గ్లూటారిక్ ఎసిడ్యూరియా ఉంది. గుర్తింపు పొందిన కేంద్రాల్లో చికిత్సకు ఒక్కో రోగికి 50 లక్షల రూపాయల దాకా సాయం అందించే వీలును 2022లో కల్పించారు. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి అలాంటి కేంద్రంగా ఉన్నాయి. ఈ జాబితాలోని జబ్బులకు సొంత వాడకానికి దిగుమతి చేసుకునే మందులు, ప్రత్యేక ఆహారంపై 2023 ఏప్రిల్ నుంచి కస్టమ్స్ సుంకం లేదు. నిర్ణీత వైద్యాధికారి సర్టిఫికెట్ ఉంటే చాలు. గల్ఫ్‌లో ఉన్న తండ్రికి ఇది నేరుగా పనికొచ్చే సంగతి. తెలంగాణలో 4,016, ఆంధ్రప్రదేశ్‌లో 6,000 రూపాయల వికలాంగ పింఛను ఉంది.

సదరం సర్టిఫికెట్‌తో పింఛను వస్తుంది. మిగతా తలుపులు మాత్రం జబ్బు పేరు చెబితేనే తెరుచుకుంటాయి. ‘సెరిబ్రల్ పాల్సీ’ అని రాసిన కాగితానికి అరుదైన వ్యాధుల సాయం రాదు. అందుకే ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక మాట. కాన్పు సజావుగా జరిగి, నెలలు నిండి పుట్టిన బిడ్డకు ఆ పేరు పెట్టి ఉంటే, లేదా జ్వరం తర్వాత ఒక్కసారిగా ఎదుగుదల వెనక్కి పోతే, లేదా ఉదయం బాగుండి సాయంత్రానికి బిగుతు పెరుగుతుంటే, పిల్లల న్యూరాలజిస్టును ‘ఇది వేరే ఏదైనా కావచ్చా’ అని అడగండి. చవకైన లెవోడోపా మాత్రతో నడకే మారిపోయే ఒక రకం డిస్టోనియా కూడా ఇదే పేరు కింద మరుగున పడుతుంటుంది.

చేయాల్సిన పని

పుట్టిన బిడ్డకు సబ్బు, నూనె, దోమతెరతో కిట్ ఇచ్చిన రాష్ట్రం మనది. అలాంటి కిట్‌లో రక్తపు చుక్క ఆరబెట్టే ఒక కాగితం కూడా చేర్చలేమా? పరీక్షతోనే పని అయిపోదు. జబ్బు తేలిన బిడ్డకు వారంలోపు డాక్టర్, ప్రత్యేకమైన పాలపొడి అందకపోతే ఆ కాగితం తల్లిదండ్రులకు కొత్త భయం మాత్రమే. రెండు తెలుగు ప్రభుత్వాలూ ఈ రెండింటినీ కలిపే చూడాలి. ఇక్కడి తెలుగు సంఘాలు పండుగ వేదికల మీద ఐదు నిమిషాలు కేటాయించి, కాన్పుకు ఊరెళ్లే కుటుంబాలకు ఈ పరీక్ష గురించి చెప్పాలి. హైదరాబాద్ లాంటి నగరాల్లో ప్రైవేటు ల్యాబ్‌లు ఈ పరీక్ష చేస్తున్నాయి. ప్రసూతి డాక్టర్‌ను ముందుగానే అడిగి పెట్టుకోవాలి. పుట్టుక కాగితాలు, ఎంఆర్‌ఐ సీడీ, డిశ్చార్జి పత్రాలు అన్నీ ఫోన్‌లో ఒకే చోట దాచుకోవాలి.

మా తమ్ముడికి రెండో బిడ్డ పుట్టింది. ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటని డాక్టర్లు ముందే చెప్పారు. అందుకే రెండో రోజే మడమ రక్తం తీయించారు. పాపకూ అదే జబ్బు ఉందని తేలింది. రెండో వారం నుంచే మందు, పాలపొడి మొదలయ్యాయి. జ్వరమొస్తే ఆసుపత్రిలో ఏం చేయాలో డాక్టర్ రాసిచ్చిన కాగితాన్ని తల్లి బీరువా తలుపుకు అంటించింది. ఇప్పటికి రెండుసార్లు జ్వరమొస్తే రెండుసార్లూ రాత్రికి రాత్రే గ్లూకోజ్ ఎక్కించారు.

పాపకు ఇప్పుడు పద్నాలుగు నెలలు. మొన్న మధ్యాహ్నం అన్న కాలు సాగదీస్తుంటే ఇక్కడ తండ్రి పన్నెండు, పదమూడు అంటున్నాడు. పాప నడిచొచ్చి ఫోన్ లాక్కుంది. ఇద్దరు పిల్లలకూ అమ్మానాన్న ఒకరే, జన్యువూ ఒకటే. తేడా వచ్చింది ఆ ఒక్క చుక్క దగ్గరే.