ప్రత్యర్థి లేని ఆట

2025 జులై 14వ తేదీన జమైకా ద్వీపమందలి కింగ్‌స్టన్ నగరములో ఒక టెస్టు మ్యాచి మూడవనాడే ముగిసినది. గెలుపునకు 204 పరుగులు కావలసియుండగా వెస్టిండీస్ జట్టు 27 పరుగులకే కుప్పకూలినది. ఆస్ట్రేలియా బౌలరు మిచెల్ స్టార్క్ తన నూరవ టెస్టులో 9 పరుగులు మాత్రమే యిచ్చి 6 వికెట్లు తీసెను. ఏడుగురు బ్యాట్స్‌మన్లు సున్నకే వెనుదిరిగిరి. టెస్టుల చరిత్రలో ఇంతకంటె తక్కువ స్కోరు ఒక్కటే కలదు. అది 1955లో ఆక్లండులో ఇంగ్లండు బౌలర్ల ఎదుట న్యూజీలండు జట్టు చేసిన 26.

ఆటలో ఓటమి ఎవరికైనను సహజమే. కాని ఈ 27 పరుగుల వార్త ఒక్క కరిబియను ద్వీపములనే కాక, క్రికెట్‌ను ప్రేమించువారు ఉన్న ప్రతి దేశమునను ఆలోచింపజేసినది. ఏలయన, ఓడినది సామాన్యమైన జట్టు కాదు. 1975, 1979 సంవత్సరములలో మొదటి రెండు ప్రపంచ కప్పులను గెలిచినది ఆ జట్టే. 1980 మొదలు 1995 వరకు పదునైదేండ్లపాటు ఒక్క టెస్టు సిరీస్‌నైనను ఓడిపోక నిలిచినది ఆ జట్టే. అట్టి జట్టు 2023 ప్రపంచ కప్పునకు అర్హతయే సంపాదింపలేక, అర్హత పోటీలలో స్కాట్లండు చేతిలో ఓడి, ఇంట కూర్చుండవలసి వచ్చినది. కావున 27 పరుగులు ఒకనాటి దురదృష్టము కాదనియు, చాలకాలముగా లోలోపల ముదురుచున్న రోగమునకు పైకి కనబడిన లక్షణమనియు అభిమానులు భావించుటలో వింత లేదు. ఆ రోగమేమి అన్నచోటనే వారిలో వారికి అభిప్రాయభేదము.

అభిమానుల ఆక్షేపణలు స్థూలముగా మూడు. మొదటిది, ఆట మితిమీరినదని. ఐదుదినముల టెస్టు, ఏబది ఓవర్ల ఆట, ఇరువది ఓవర్ల ఆట అను మూడు రూపములు ఒకే పంచాంగములో ఇరుకుచున్నవి. వీనికి తోడు దేశదేశమున వెలసిన లీగులు. ఒక పోటీ ముగియకమునుపే మరియొకటి మొదలగుచుండుటచే ఏ గెలుపును మనస్సులో నిలుచుట లేదని వారి బాధ. పండుగ యేడాదికొకమారు వచ్చినప్పుడే పండుగ. దినదినము వచ్చినచో అది వంటయింటి పని.

రెండవది, ఆటగాండ్రు దేశపు జట్టును విడిచి లీగులకు పోవుచున్నారని. న్యూజీలండు బౌలరు ట్రెంట్ బౌల్ట్ 2022లో బోర్డు కాంట్రాక్టును వదలుకొనెను. వెస్టిండీస్ ఆటగాడు నికొలస్ పూరన్ 2025 జూనులో ఇరువదితొమ్మిదేండ్ల వయస్సుననే అంతర్జాతీయ క్రికెట్ నుండి విరమించెను. వీరిని నిందించుట సులభము. కాని ఆటగాని జీవితము స్వల్పమైనది. ఒక్క గాయముతో ముగిసిపోవునది. నాలుగు వారములలో ఇచ్చట లభించు వేతనము అచ్చట ఒక యేడాదికి లభింపనప్పుడు, దేశభక్తి పేరిట త్యాగము చేయుమని గ్యాలరీలో కూర్చున్నవాడు చెప్పుట ధర్మము కాదు. 1977లో కెరీ ప్యాకర్ అను ఆస్ట్రేలియా ధనికుడు ఆనాటి మేటి ఆటగాండ్రను తన పోటీలకు చేర్చుకొనగలిగినది బోర్డులు వారికి అతి స్వల్పముగా చెల్లించుచుండుట చేతనే. నిందింపవలసినది ఆటగానిని కాదు, ఆ పరిస్థితిని కల్పించిన ఏర్పాటును.

ఆ ఏర్పాటు నెంతవరకు తీసికొనిపోయినదో 2024 ఫిబ్రవరిలో జరిగిన యొక సంఘటన వలన తెలియును. దక్షిణాఫ్రికా బోర్డు తన దేశపు ఇరువది ఓవర్ల లీగు నడుచు దినములలోనే న్యూజీలండులో రెండు టెస్టులు ఆడవలసి వచ్చినది. ముఖ్యమైన ఆటగాండ్రందరును లీగునకే కట్టుబడియుండిరి. అంతవరకు ఒక్క టెస్టయినను ఆడని నీల్ బ్రాండ్ అనునతడు నాయకుడుగా, క్రొత్తవారితో నిండిన జట్టు ప్రయాణమై రెండింటను ఓడివచ్చినది. సొంత దేశపు లీగు కొరకు సొంత దేశపు టెస్టు జట్టును బలిపెట్టుట అంతకుముందు కనివిని యెరుగనిది. అయినను ఆ బోర్డును మాత్రము పూర్తిగా తప్పుపట్టుట యెట్లు? లీగు వలన వచ్చు ధనము లేనిదే ఆ దేశమున క్రికెట్ నడచుట కష్టము.

ఇచ్చట మూడవ ఆక్షేపణ వచ్చుచున్నది. అదియే తక్కిన రెండింటికిని మూలము. అది ధనము పంపకము. 2022లో ఇండియన్ ప్రీమియర్ లీగు ప్రసార హక్కులు ఐదేండ్లకు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయినవి. 2023లో అంతర్జాతీయ క్రికెట్ మండలి ఆమోదించిన పంపకములో, 2024 నుండి 2027 వరకు మండలి ఆదాయమున భారత బోర్డు వాటా నూటికి సుమారు 38.5 పాళ్ళు. ఇంగ్లండునకు 7 పాళ్ళకు లోపు, ఆస్ట్రేలియాకు 6 పాళ్ళకు పైగా, వెస్టిండీస్‌నకు 5 పాళ్ళకు లోపు. తొంబదికి పైగా గల చిన్న సభ్యదేశములన్నింటికిని కలిపి 11 పాళ్ళు. ఇది గాక, రెండు దేశముల నడుమ జరుగు సిరీస్‌లో ప్రసార ధనమంతయు ఆతిథ్యమిచ్చిన దేశపు బోర్డునకే చెందుట ఆచారము. అతిథిగా వచ్చి సగము ఆట ఆడిన జట్టునకు అందులో పాలు లేదు. భారతదేశములో టెస్టు ఆడించినచో లాభము. కరిబియను ద్వీపములలో ఆడించినచో పెక్కుమారులు నష్టము. ఒక ద్వీపము నుండి మరియొక ద్వీపమునకు విమానమున పోవలసిన ఆ దేశములలో ఒక సిరీస్ నడుపుట సామాన్యమైన ఖర్చు కాదు.

వెస్టిండీస్ పతనమునకు ధనమొక్కటే కారణమనుట సత్యదూరము. అచ్చటి బోర్డునకును ఆటగాండ్రకును పెక్కేండ్లు పొసగలేదు. 2014లో వేతనముల తగవు ముదిరి ఆ జట్టు భారతదేశపు పర్యటనను నడుమనే విడిచి వెడలిపోయినది. ఇంటి తప్పు ఇంటిదే. కాని దరిద్రుని ఇంట చిన్న తగవు కూడ సంసారమును కూల్చును. ధనికుని ఇంట పెద్ద తగవైనను గడపదాటదు.

ఈ వాదములు వినినప్పుడు భారతీయ అభిమాని ఒక ప్రశ్న వేయుచున్నాడు. ఆ ప్రశ్నను త్రోసివేయరాదు. 1909లో ఇంగ్లండు, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా కలిసి అంతర్జాతీయ మండలిని స్థాపించినప్పుడు దాని పేరే సామ్రాజ్య క్రికెట్ సమావేశము. 1993 వరకు ఇంగ్లండు, ఆస్ట్రేలియా దేశములకు అందు నిషేధాధికారము ఉండెను. నాడు ఆ యిరువురు పెత్తనము చేసినప్పుడు సంప్రదాయమనిరి. నేడు భారతదేశము చేయుచుండగా అత్యాశ యనుచున్నారు. చూచువాడు భారతీయుడు, ధనము భారతీయునిది. వాటా అడిగిన తప్పేమి?

ఇందు సగము న్యాయమున్నది. పాత పెత్తనము అన్యాయమే. కాని అన్యాయము చేతులు మారినంత మాత్రమున న్యాయము కాదు. ధనము తెచ్చువాడు ఎక్కువ పాలు పుచ్చుకొనుటను కూడ ఎవరును కాదనరు. ప్రశ్న యెంత అన్నదే. వ్యాపారమునకును ఆటకును ఒక భేదము కలదు. వ్యాపారి తన పోటీదారు అంగడి మూతబడినచో సంతోషింపవచ్చును. ఆటగాడు సంతోషింపలేడు. ప్రత్యర్థి లేనిదే ఆట లేదు. ఎదుటి జట్టు బలమే తన గెలుపునకు విలువ. 1983లో లార్డ్స్ మైదానమున కపిల్ దేవ్ జట్టు సాధించిన విజయము నేటికిని చెప్పుకొనబడుచున్నదన్న, నాడు ఓడినది వెస్టిండీస్ కావుననే.

చరిత్రను మరికొంత వెనుకకు చూచినచో ఈ సంగతి మరింత స్పష్టమగును. 1932లో లార్డ్స్‌లో సి.కె. నాయుడు నాయకత్వమున భారతదేశము తొలి టెస్టు ఆడినది. తొలి విజయము లభించినది 1952లో, మద్రాసున, ఇరువదియైదవ టెస్టులో. ఇరువదేండ్లపాటు ఓడుచున్న జట్టును ఓపికతో ఆడనిచ్చిరి. న్యూజీలండు 1930లో టెస్టులు మొదలుపెట్టి 1956 వరకు ఒక్కటియు గెలువలేదు. ఆ విజయమునకు ముందటి యేడాదియే ఆ 26 పరుగుల అవమానము. నాడు వారిని పనికిరానివారని వెలివేసియున్నచో, 2021లో టెస్టు ప్రపంచ విజేతృత్వము తొలిసారి గెలుచుకొన్న జట్టు ఉండెడిదే కాదు. 2024లో భారతదేశమునకే వచ్చి మూడు టెస్టులను మూడింటిని గెలిచిన జట్టును ఉండెడిది కాదు.

టెస్టు దేశములను రెండు శ్రేణులుగా విభజింపవలెనను ఆలోచనను ఈ వెలుగులోనే పరిశీలింపవలెను. 2016లో ఈ ప్రతిపాదన వచ్చి ఆగిపోయినది. 2025లో మరల చర్చకు వచ్చినది. పెద్ద జట్లు తమలో తాము తరచుగా ఆడుకొనవచ్చునని కొందరు అభిమానులును దీనిని మెచ్చుకొనుచున్నారు. చిన్న జట్టు గెలిచి పైకి రావచ్చునుగదా యని వారి వాదము. ఒక పాఠశాలలో రెండు తరగతులుండి, మంచి మార్కులు తెచ్చిన తరగతికే ఉపాధ్యాయులను, పుస్తకములను ఇచ్చి, రెండవ తరగతివారిని మీరును చదివి పైకి రండని పిలిచినచో అది న్యాయమైన పరీక్ష అగునా?

చెప్పవలసిన మాట యేమనగా, ఈ విభజన పేరు లేకుండగనే యిప్పటికే నడచుచున్నది. 2023-25 టెస్టు ప్రపంచ పోటీలో ఇంగ్లండు 22 టెస్టులు, భారతదేశము, ఆస్ట్రేలియా చెరి 19 టెస్టులు ఆడినవి. దక్షిణాఫ్రికా ఆడినవి 12. అన్నియు రెండేసి టెస్టుల సిరీస్‌లే. అయినను 2025 జూనులో లార్డ్స్‌లో ఆస్ట్రేలియాను ఓడించి కిరీటము ధరించినది దక్షిణాఫ్రికాయే. శక్తి తక్కువ కాదు, అవకాశము తక్కువ యనుటకు ఇంతకంటె వేరు సాక్ష్యమేల?

2024 జనవరిలో బ్రిస్బేను నగరమున ఇట్టిదే మరియొకటి జరిగినది. గయానా దేశమున పడవ మీద తప్ప చేరుటకు వీలులేని బారకారా యను పల్లెలో పుట్టి, కొంతకాలము కాపలాదారుగా పనిచేసిన షమార్ జోసెఫ్, ముందునాటి సాయంకాలము కాలివ్రేలికి బలమైన దెబ్బ తగిలియు బంతి పట్టి, 68 పరుగులకు 7 వికెట్లు తీసి, ఆస్ట్రేలియాను 8 పరుగులతో ఓడించెను. ఆ గడ్డపై వెస్టిండీస్‌నకు 1997 తరువాత అదియే తొలి టెస్టు విజయము. సిరీస్ చెరియొకటిగా సమమైనది. ప్రపంచమంతయు మూడవ టెస్టు కొరకు ఎదురుచూడవలసిన తరుణమది. మూడవ టెస్టు లేదు. ఏర్పాటు చేసినవి రెండే.

అభిమానులు టెస్టులను చూచుట మానిరనునది తరచుగా వినబడు సమాధానము. 2018లో అంతర్జాతీయ మండలి జరిపిన పరిశీలనలో అభిమానులలో నూటికి 92 మందికి ఇరువది ఓవర్ల అంతర్జాతీయ ఆటపై ఆసక్తి యుండగా, సుమారు 70 మందికి టెస్టులపైనను ఆసక్తి కలదని తేలినది. 2019లో మేరిల్‌బోన్ క్రికెట్ క్లబ్బు జరిపిన విచారణలో పాల్గొన్నవారిలో నూటికి 86 మంది టెస్టునే మిక్కిలి ఇష్టపడిరి. ఈ రెండవదానికి సమాధానమిచ్చినవారు ముందే ఆటను గాఢముగా ప్రేమించువారై యుందురు గనుక దానిని కొంత తగ్గించియే చూడవలెను. అయినను రెండును కలిసి ఒక సంగతి చెప్పుచున్నవి. ఇది ముసలివారికిని పిన్నవారికిని నడుమ తగవు కాదు. 2025 సెప్టెంబరులో దుబాయిలో ఆసియా కప్పు తుది పోటీలో హైదరాబాదు యువకుడు తిలక్ వర్మ 69 పరుగులు చేసి భారతదేశమును గెలిపించినప్పుడు కేరింతలు కొట్టిన బాలుడే, దానికి నెల పైచిలుకు ముందు ఓవల్ మైదానమున హైదరాబాదు బౌలరు మహమ్మద్ సిరాజ్ ఇంగ్లండు చివరి వికెట్‌ను పడగొట్టి 6 పరుగులతో టెస్టును గెలిపించినప్పుడును కేరింతలు కొట్టెను. వానికి కావలసినది ఓవర్ల లెక్క కాదు. ఫలితము ముందుగా తెలియని పోరాటము. 2024 డిసెంబరులో విశాఖపట్టణపు యువకుడు నితీశ్ కుమార్ రెడ్డి తొలి శతకము సాధించిన మెల్‌బోర్న్ టెస్టును ఐదుదినములలో 3,73,691 మంది మైదానమునకు వచ్చి చూచిరి. ఆ మైదానమున ఏ టెస్టునకును అంతకుముందు అంతమంది రాలేదు.

ఔషధము తెలియనిది కాదు. దేశపు ఆటలకును లీగులకును వేరువేరు మాసములు కేటాయింపవలెనని ఆటగాండ్ర ప్రపంచ సంఘము 2025లో సూచించినది. అతిథి జట్టునకు ప్రసార ధనములో పాలు ఇయ్యవచ్చును. రెండు టెస్టుల సిరీస్‌ను మూడింటికి పెంచవచ్చును. వీనిని కాదనగల శక్తి గాని, ఔననగల శక్తి గాని నేడు అందరికంటె ఎక్కువగా భారత బోర్డునకే కలదు. ఆ బోర్డునకు ఆ శక్తి యిచ్చినది కోట్లాది భారతీయ అభిమానుల ఆసక్తి. కావున వెస్టిండీస్ దుస్థితి దూరదేశపు వార్త కాదు. హైదరాబాదులోను, విజయవాడలోను ఆట చూచు ప్రతివానికిని అందు కొంత బాధ్యత కలదు.

26 పరుగులకు కూలిన జట్టు అరువదియారేండ్లకు ప్రపంచ విజేత యైనది. 27 పరుగులకు కూలిన జట్టునకును అంతటి కాలము, అట్టి అవకాశము ఇయ్యబడునా లేదా యనునదే నేటి క్రికెట్ ముందున్న ప్రశ్న. ఇయ్యకపోయినచో నష్టపోవునది ఓడినవాడొక్కడే కాదు. ఎదుట నిలుచువాడు లేక, బంతి చేతబట్టుకొని మైదానమున ఒంటరిగా నిలిచిపోవునది గెలిచినవాడే.