కుర్చీ కన్నా లెక్క ముఖ్యం

మన హాస్టల్ సంచికల్లో ఇక్కడ చదివి పైకి వెళ్లినవారి పేర్లు గర్వంగా వేసుకుంటాం. కలెక్టరు, డాక్టరు, ప్రొఫెసరు! ఆ పేర్లు చూస్తే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ధైర్యం వస్తుంది. కాదనను. అయితే వెళ్లినవారు అక్కడ ఏం చేశారని మనం అంతగా అడగం. అడగాలని నా అభిప్రాయం. అందుకు దక్షిణాఫ్రికా వైద్య శాస్త్రవేత్త మలెగపురు విలియం మక్గోబా జీవితం మంచి ఉదాహరణ.

ఆయన 1952లో సెఖుఖునె ప్రాంతంలో పుట్టారు. అవి వర్ణవివక్ష రోజులు. తెల్లవారు కానివారి కోసం 1951లో డర్బన్‌లో వేరుగా పెట్టిన నేటాల్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో చదివారు. ఆ కళాశాల నల్ల విద్యార్థుల హాస్టల్ ఆయిల్ రిఫైనరీ పక్కన, పాత మిలిటరీ బ్యారక్‌లలో ఉండేది. స్టీవ్ బికో అక్కడుండే విద్యార్థి ఉద్యమాన్ని నిర్మించాడు. హాస్టల్ అంటే తిండి, పడక మాత్రమే కాదని మనకు వేరే చెప్పాలా?

మక్గోబా 1983లో ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేట్ పొందారు. శరీరంలోని టి-కణాలు రోగాన్ని ఎలా గుర్తుపడతాయో అమెరికాలోనూ పరిశోధించారు. లండన్‌లో పనిచేశారు. స్వేచ్ఛ వచ్చిన 1994లో స్వదేశం వెళ్లి విట్స్ విశ్వవిద్యాలయంలో డిప్యూటీ వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఏడాది తిరగకుండానే 13 మంది సీనియర్ అధ్యాపకులు ఆయన బయోడేటా మీద, సమర్థత మీద ఆరోపణలు చేశారు. ఆయనా ఊరుకోలేదు, వాళ్ల సర్వీసు ఫైళ్లలోని విషయాలు బయటపెట్టారు. చివరికి రాజీ కుదిరి, ఆ పదవి వదులుకున్నారు. తప్పొప్పులు ఎలా ఉన్నా ఒకటి గమనించండి. 'వీడికి మెరిట్ ఉందా?' అనే అనుమానం ఆక్స్‌ఫర్డ్ పట్టాతో కూడా పోదు. రిజర్వేషన్‌లో సీటు తెచ్చుకున్న మనకు ఇది కొత్తేమీ కాదు.

అసలు పరీక్ష తర్వాత వచ్చింది. 1999లో ఆయన దేశ వైద్య పరిశోధనా మండలికి తొలి నల్లజాతి అధ్యక్షుడయ్యారు. అప్పటి దేశాధ్యక్షుడు థాబో ఎంబెకీ, ఎయిడ్స్‌కు హెచ్‌ఐవి కారణమా అని సందేహాలు లేవనెత్తుతున్నారు. ఎంబెకీ పరాయివాడు కాదు. మక్గోబా సంకలనం చేసిన 'ఆఫ్రికన్ రినైసాన్స్' పుస్తకానికి తొలిపలుకు రాసిన మనిషి. అయినా 2001లో మండలి తన లెక్క చెప్పింది: 2000లో చనిపోయిన 15-49 ఏళ్లవారిలో దాదాపు 40 శాతం మంది ఎయిడ్స్ వల్లే పోయారు. ప్రభుత్వానికి ఆ నివేదిక రుచించలేదు. మక్గోబా వెనక్కి తగ్గలేదు. మందులివ్వడంలో జరిగిన జాప్యం వల్ల 2000-2005 మధ్య 3,30,000 మందికి పైగా ప్రాణాలు పోయాయని 2008లో హార్వర్డ్ పరిశోధకులు అంచనా వేశారు. ఆ చచ్చిపోయినవాళ్లలో అత్యధికులు పేద నల్లవాళ్లే. మనవాడు పాలిస్తున్నాడని మనం నోరు మూసుకుంటే చచ్చేది మనవాళ్లే!

2002లో నేటాల్ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా వెళ్లారు. 2004లో అది, భారతీయుల కోసం పెట్టిన డర్బన్-వెస్ట్‌విల్ విశ్వవిద్యాలయం కలిసి క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయమయ్యాయి. 1860 నుంచి చెరకు తోటల కూలికి వెళ్లిన మన తెలుగువాళ్ల వారసులున్న నేల అది. 2014 నుంచి అక్కడ మొదటి సంవత్సరం విద్యార్థులు జులు భాష నేర్చుకోవాలని నిబంధన పెట్టారు. పల్లె భాష యూనివర్సిటీలో చిన్నబోకూడదన్న ఆ నిర్ణయానికి నేను చప్పట్లు కొడతాను. కానీ 2008లో తన పాలనను విమర్శించిన ఇద్దరు ప్రొఫెసర్ల మీద క్రమశిక్షణ చర్యలు మొదలుపెట్టారే, దానికి మాత్రం కొట్టలేను. దేశాధ్యక్షుణ్ణి ప్రశ్నించిన సంస్థకు అధిపతిగా ఉన్న మనిషి తనను ప్రశ్నించినవారిని ఎందుకు సహించలేకపోయారు? కుర్చీ గుణం అదేనేమో! మన అన్నలు కూడా ఆలోచించాలి.

2015లో ఆ పదవి ముగిశాక దేశ తొలి హెల్త్ అంబుడ్స్‌మన్ అయ్యారు. గౌటెంగ్ రాష్ట్రంలో 2016లో మానసిక రోగులను లైఫ్ ఎసిడిమెని ఆసుపత్రి నుంచి తీసి, ఖర్చు తగ్గుతుందని, స్వచ్ఛంద సంస్థలకు అప్పగించారు. 36 మంది చనిపోయారని మంత్రి చెప్పారు. 94 మందికి పైగా పోయారని, ఆ 27 సంస్థల్లో ఒక్కదానికీ చెల్లుబాటయ్యే లైసెన్సు లేదని 2017లో మక్గోబా నివేదిక తేల్చింది. తర్వాత ఆ లెక్క 144కు చేరింది. నోరులేని వాళ్ల చావులను కూడా లెక్కపెట్టిన పని అది. ఆయన చేసినవాటిలో నాకు ఇదే గొప్పగా తోస్తుంది.

మిత్రులారా, రేపు మీలో ఒకరు డి.ఎం.హెచ్.ఓ. కావచ్చు, వైస్ ఛాన్సలర్ కావచ్చు. ఆ రోజు హాస్టల్ పిల్లలకు జ్వరాలొస్తే ఎంతమందికి వచ్చాయో ఉన్నది ఉన్నట్టు రాయండి. పైవాడు తగ్గించమన్నా రాయండి. కిందివాడు మిమ్మల్ని ప్రశ్నిస్తే మెమో ఇవ్వకండి, కుర్చీ వేసి కూర్చోబెట్టండి. అప్పుడు మీ పేరు ఈ సంచికలో వేసుకోవడం మాకు నిజమైన గర్వం.