ఆక్టోపస్‌కి ఎనిమిది కాళ్ళు, అల్లినావిడకి గంటకి ముప్ఫై రెండు రూపాయలు

ముందు ఒక చిన్న ప్రశ్న. మన పక్క సీట్లో వాడి పనికి కంపెనీ గంటల లెక్కన క్లయింటుకి బిల్లు వేస్తుంది కదా. "ఎలాగూ కుర్చీలో ఖాళీగా కూర్చునేవాడేగా, సగానికి ఇచ్చెయ్యండి" అని ఏ క్లయింటైనా అన్నాడా? అనడు. మరి ఊలుతో బొమ్మలు అల్లే ఆవిడతో మాత్రం ఎందుకంటాం?

మా అక్క ఈ బొమ్మలు అల్లుతుంది. ఆక్టోపస్‌లు, తిమింగలాలు, తాబేళ్ళు. జపాన్ వాళ్ళు వీటిని అమిగురుమి అంటారు. పోయిన దసరాకి అపార్ట్‌మెంటులో స్టాలు పెట్టి, అరచేతిలో పట్టే ఆక్టోపస్‌కి నాలుగొందలు చెప్పింది. వచ్చినవాళ్ళలో చాలామందిది ఒకటే మాట: "ఇంత చిన్నదానికా? ఆన్‌లైన్‌లో నూటయాభైకే వస్తోందండీ!" అన్నవాళ్ళు ఎక్కువగా నాలాంటి సాఫ్ట్‌వేరోళ్ళే. నాకు ఒళ్ళు మండింది అందుకే. లెక్కలొచ్చినవాళ్ళం కదా, లెక్కే వేద్దాం రండి.

ముందు తల. దారాన్ని ఉంగరంలా చుట్టి అందులో 6 కుట్లు. తర్వాతి వరసలో ఒక్కోదాంట్లో రెండేసి, అంటే 12. అక్కణ్ణుంచి వరసకి ఆరేసి పెంచుతూ 18, 24, 30, 36. తక్కువ పెంచితే గిన్నెలా ముడుచుకుంటుంది, ఎక్కువ పెంచితే వేయించిన అప్పడంలా వంకర్లు పోతుంది. తర్వాత 36 చొప్పున 8 వరసలు, ఆపైన 30కీ 24కీ తగ్గించి దూది కూరడం. తలకే 468 కుట్లు. ఇక ఒక్కో కాలికి 30 గొలుసు కుట్లు వేసి, వెనక్కి వస్తూ ఒక్కోదాంట్లో రెండేసి. పట్టనన్ని కుట్లు ఇరికిస్తారు కాబట్టే కాలు స్ప్రింగులా మెలి తిరుగుతుంది. కాలికి సుమారు 90, ఎనిమిదింటికి 720. మొత్తం దాదాపు 1200 అన్నమాట. నిమిషానికి పది వేసినా రెండు గంటలు. కళ్ళు పెట్టి, కాళ్ళు అతికి, మూతి మూసేసరికి ఇంకో అరగంట. మధ్యలో లెక్క తప్పితే తల ఓ పక్కకి వాలిపోతుంది, అక్కడిదాకా విప్పాల్సిందే.

ఇప్పుడు ఆ నూటయాభైలో దారానికీ దూదికీ ఓ డెబ్భై తీసేద్దాం. మిగిలింది 80. రెండున్నర గంటలకి పంచితే గంటకి 32 రూపాయలు. అదీ మధ్యలో దుకాణమూ, వెబ్‌సైటూ, కొరియరూ పైసా ముట్టుకోకపోతే!

"అది మిషన్ మీద చేసిందేమోలే" అంటారు వెంటనే. కాదు బాబూ. స్వెట్టర్ మిషన్‌లో ప్రతి ముడికీ ఒక సూది కాపలా ఉంటుంది, ఏ ముడి ఎక్కడుందో దానికి ముందే తెలుసు. క్రోషేలో కొక్కెం సూది ఒక్కటే. అది ప్రతిసారీ, మెత్తగా కదిలిపోయే అల్లికలో సరైన కన్నం వెతుక్కుని దూరాలి. ప్రయోగశాలల్లో నమూనా యంత్రాలైతే చేశారు గానీ, ఇలాంటి బొమ్మల్ని కుప్పలుగా అల్లి పోసే ఫ్యాక్టరీ మిషన్ ఇప్పటికీ లేదు. క్రోషే మిషన్ అని అమ్మేవి నిజానికి వేరే రకం అల్లికతో లేసు అంచులూ రిబ్బన్లూ చేసేవి. 2023లో ఒకావిడ ఛాట్‌జీపీటీని అడిగి, కొమ్ము తిమింగలం బొమ్మకి అది ఇచ్చిన లెక్క ప్రకారం అల్లితే, వింత జంతువేదో తయారై నెట్టంతా నవ్వుకుంది. కాబట్టి చవగ్గా దొరికే ఆ ఆక్టోపస్ కూడా ఎవరో ఒకరు చేత్తో అల్లిందే. ఎవరో మనకి కనపడరు, అంతే తేడా.

ఇది కొత్త కథా కాదు. మన నర్సాపురం లేసు కూడా ఇదే క్రోషే. ఆ లేసు అల్లేవాళ్ళ మీద మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1982లో ఒక పుస్తకమే వేసింది. ఆవిడ తేల్చిందేమిటి? ఇంటిచాకిరీ చేస్తూనే గంటలకొద్దీ అల్లే ఆడవాళ్ళని కార్మికులు అనకుండా గృహిణులు అన్నారు, పనిని తీరిక వేళల కాలక్షేపం అన్నారు. కాలక్షేపానికి కూలెందుకు? లాభం ఎగుమతి వ్యాపారులకి పోయింది. 2024లో నర్సాపురం లేసుకి జీఐ గుర్తింపు వచ్చింది, సంతోషం. పేరుకి రక్షణ దొరికింది సరే, గంటకి విలువ ఎప్పుడు కడతాం?

"రేటు పెంచితే కొనేవాళ్ళు తగ్గి ఆ కాస్తా పోతుంది కదా" అనేది కొంచెం ఆలోచించాల్సిన మాటే. సరే, రేటు రెట్టింపై, కొనేవాళ్ళు సగమయ్యారనుకుందాం. 150 చొప్పున పది అమ్మితే 25 గంటలకి 800 మిగులుతుంది. 300 చొప్పున ఐదే అమ్మితే పన్నెండున్నర గంటలకి 1150. సగం పనికి ఎక్కువ డబ్బులు. ఇదే లెక్క మన జీతం దగ్గరైతే ఎవరూ నేర్పక్కర్లేదు!

"హాబీయే కదండీ" అనేవాళ్ళకి ఒక్క మాట. నాకూ కోడ్ రాయడం ఇష్టమే. ఇష్టమని జీతం వదులుకున్నానా?

ఖరీదు ఎక్కువనిపిస్తే కొనకండి, తప్పేం లేదు, ఎవరూ ఏమీ అనుకోరు. కొనాలనిపిస్తే మాత్రం బేరం మొదలెట్టే ముందు "ఎన్ని గంటలు పట్టిందండీ?" అని అడగండి. జవాబు విన్నాక కూడా నూటయాభైకి ఇమ్మనగలిగితే, ఇక మీ ఇష్టం.