పాటకు బొమ్మ కట్టిన వేళ

అనువాదకుని ఇంటికి పని మీద వచ్చినవారు రెండు మాటలు తప్పక అంటారు: "చిన్న పనే", "ఎక్కువ సమయం పట్టదు". గత సంవత్సరం వినాయక చవితి వెళ్లిన తరువాత ఒక ఆదివారం మా ఇంటికి వచ్చిన అయిదుగురు విద్యార్థులూ ఆ రెండు మాటలూ అన్నారు. వారు మా జిల్లా కేంద్రంలోని ఒక డిగ్రీ కళాశాలలో ప్రసార మాధ్యమాలను గురించి చదువుకుంటున్నారు. ఒక పాటను తీసుకుని, చేతనున్న సాధనాలతోనే నాలుగు నిమిషాల మ్యూజిక్ వీడియో తీయడం వారికిచ్చిన అభ్యాసం. "పాట తెలుగులో ఉంటుంది సార్. కింద ఇంగ్లీషు మాటలు మీరు వ్రాసిపెట్టాలి" అన్నారు. నాలుగు నిమిషాల పాటలో ఎన్ని మాటలుంటాయి? గంట పని అనుకున్నాను. ఆరు ఆదివారాలు పట్టింది. ఆ ఆరు ఆదివారాలలో నేను తెలుసుకున్నది పాఠకులతో పంచుకోదగినదే అని తోచి ఈ నెల ఇది వ్రాస్తున్నాను.

మొదట వారు ఒక సినిమా పాటను ఎన్నుకున్నారట. అధ్యాపకురాలు వద్దన్నారు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం పాట వ్రాసిన వారికీ, బాణీ కట్టిన వారికీ జీవితకాలమంతా, ఆ తరువాత మరి 60 సంవత్సరాల పాటూ హక్కు ఉంటుంది. కళాశాల కార్యక్రమంలో అధ్యాపకుల ముందు, విద్యార్థుల ముందు, వారి తల్లిదండ్రుల ముందు ప్రదర్శించుకునేందుకు ఆ చట్టమే కొంత వెసులుబాటు ఇచ్చింది. ఇంటర్నెట్‌లో పెట్టి ఊరూవాడా చూపేందుకు మాత్రం ఇవ్వలేదు. ఈ కాలపు పిల్లలకు ఊరూవాడా చూడని చిత్రం తీసినట్టే లెక్క కాదు.

అప్పుడు వారికి తమ వసతిగృహం వంటశాలలో పనిచేసే పెద్దమ్మ గుర్తుకు వచ్చింది. పేరు చెప్పను, కారణం మీకే తెలుస్తుంది. ఆమెకు అరవై ఏళ్లుంటాయి. మోకాళ్లు అరిగి పొలం పనికి వెళ్లలేక, పన్నెండేళ్ల క్రితం వంటపనికి కుదిరింది. బియ్యం ఏరుతూ నాట్ల పాట పాడుకుంటుంది. ఆ పాటకు కర్త ఎవరో తెలియదు. కాబట్టి హక్కుల చిక్కు లేదని పిల్లలు సంబరపడ్డారు. ఆ సంబరం కొంతవరకే నిజమని తరువాత తేలింది.

ముందుగా శబ్దం. కొత్తగా ఈ పనికి పూనుకున్నవారు మంచి కెమెరా కోసం వెతుకుతారు గాని, మంచి నిశ్శబ్దం కోసం వెతకరు. చిత్రం కాస్త మసకబారినా ప్రేక్షకుడు ఓర్చుకుంటాడు. మాట వినబడకపోతే లేచి వెళ్లిపోతాడు. పిల్లలు వసతిగృహంలోని సామాన్ల గదిని ఎన్నుకున్నారు. పంకా ఆపారు, ఫ్రిజ్ ఆపారు. గోడలకు తాళ్లు కట్టి బొంతలు వేలాడదీశారు. గోడకు తగిలి తిరిగివచ్చే ధ్వనిని దూది మింగుతుంది. మైకును నోటికి జానెడు దూరంలో పెట్టారు. దూరం సగమైతే చెవినబడే ధ్వని తీవ్రత నాలుగు రెట్లవుతుంది. కొన్నివందల రూపాయల మైకును దగ్గర పెట్టడం, వేల రూపాయల మైకును దూరంగా పెట్టడం కంటె ఎంతో మేలు. ఫోనులో శబ్దాన్ని తనంతట తానే సరిచేసుకునే ఏర్పాటు ఒకటి ఉంటుంది. దానిని కూడ ఆపివేశారు. లేకపోతే పాడేవారు ఊపిరి తీసుకునే క్షణంలో నిశ్శబ్దమైపోయిందని భ్రమపడి, అది దూరాన పోయే లారీ మోతను ఎత్తిచూపిస్తుంది.

పాట చక్కగా రికార్డయింది. చిక్కు చిత్రీకరణలో వచ్చింది.

పిల్లల పథకం అందరికీ తెలిసినదే: రికార్డయిన పాటను స్పీకరులో వినిపించడం, పెద్దమ్మ దానికి అనుగుణంగా పెదవులు కదపడం. ఇది మనదేశంలో తొంభై ఏళ్లు నిండిన విద్య. టాకీలు వచ్చిన కొత్తలో నటులే పాడేవారు. వాద్యగాండ్రు చెట్టుచాటునో, తెరచాటునో కూర్చుని కెమెరాకు కనబడకుండ వాయించేవారు. 1935లో కలకత్తాలోని న్యూ థియేటర్స్ సంస్థ నితిన్ బోస్ దర్శకత్వంలో బెంగాలీలో 'భాగ్యచక్ర', హిందీలో 'ధూప్ ఛావ్' నిర్మించింది. పాటను ముందే రికార్డు చేసి, నటుల చేత పెదవులు కలిపించే పద్ధతికి నాంది పలికినవని ఆ చిత్రాలకు పేరు. సంగీతం రాయ్‌చంద్ బోరాల్. అమెరికాలో 1981 ఆగస్టు 1న పాటల దృశ్యాల కోసమే ఒక టెలివిజన్ ఛానల్ వెలసినప్పుడు లోకం వింతగా చెప్పుకున్నది. కాని పాటకు బొమ్మ కట్టడం మనకప్పటికే దాదాపు అర్ధ శతాబ్దపు అలవాటు. చిన్నతనంలో శుక్రవారం సాయంత్రం దూరదర్శన్ 'చిత్రలహరి' కోసం ఎదురుచూసిన తరం నాది.

అలవాటు మనకే గాని పెద్దమ్మకు కాదు. స్పీకరులో తన పాట మొదలుకాగానే ఆమె కలవరపడింది. ఒక చోట వెనుకబడింది, ఒక చోట ముందుకు పోయింది. పదకొండు సార్లు తీశారు. పదకొండు సార్లూ తప్పింది. చివరకు చెంగుతో ముఖం తుడుచుకుని అన్నది: "నా గొంతుక నాకంటె ముందు ఉరుకుతున్నది బిడ్డా. నేనెట్ల అందుకోవాలె?"

పిల్లలు విసుక్కున్నారు. పాటను రెట్టింపు వేగంతో వినిపించి, రెట్టింపు ఫ్రేములతో చిత్రించి, మామూలు వేగానికి దించితే మనిషి నీటిలో తేలుతున్నట్టు కనిపిస్తూనే పెదవులు పాటతో కలిసి ఉంటాయి. సినిమావారి ఈ చిట్కాను వాడాలని వారికి ఎంతో ముచ్చట. మామూలు వేగమే అందుకోలేని ఆమెకు రెట్టింపు వేగం ఎక్కడ?

నాకు మాత్రం ఆమె తప్పు చేస్తున్నట్టు తోచలేదు. పదకొండు సార్లలో ఆమె గొంతు విప్పి పాడిన చోట్లను నేను వ్రాసుకున్నాను. ఏ రెండూ ఒక్కటి కావు. ఒకమారు తమ్ముడిని పిలిచిన చోట ఇంకొకమారు అన్నను పిలిచింది. ఒకమారు రెండు ఊపిరుల్లో సాగిన చరణం ఇంకొకమారు నాలుగు ఊపిరులకు పెరిగింది. నాట్లు వేసే వరుస ఎంత పొడుగుంటే పాట అంత పొడుగు. అచ్చులోని పుస్తకాన్ని ముందుంచుకుని జీవితమంతా పనిచేసిన నాకు, మూలమే ప్రతిసారీ మారిపోయే రచన ఎదురుకావడం ఇదే మొదలు.

పిల్లలలో ఎడిటింగ్ బాధ్యత తీసుకున్న అమ్మాయి మార్గం చెప్పింది: రికార్డయిన పాటను పక్కన పెట్టి, పాడుతుండగానే బొమ్మనూ శబ్దాన్నీ కలిపి పట్టుకుందామన్నది. చిన్న మైకును పెద్దమ్మ చెంగు లోపల గుచ్చి, దానిని ఒక ఫోనుకు కలిపారు. మరొక ఫోను కెమెరా అయింది. రెండూ నడవడం మొదలైన తరువాత ఒక అబ్బాయి ఆమె ముందు నిలిచి గట్టిగా చప్పట్లు కొట్టాడు. అరచేతులు తాకిన ఫ్రేమునూ, శబ్దరేఖ నిట్టనిలువుగా లేచిన చోటునూ ఒక దానికొకటి జతచేస్తే చాలు. సినిమావారి క్లాప్ బోర్డు చేసే పనీ ఇదే. కెమెరా ఫోను దూరాన ఉంటే దానిలోని శబ్దాన్ని మాత్రం నమ్మరాదు. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన 30 మీటర్ల దూరం నుంచి తీస్తే మాట పెదవికి రెండు ఫ్రేములు వెనుకబడుతుంది. రెండు ఫ్రేములంటే సెకనులో దాదాపు పన్నెండవ వంతు. ఎక్కడ తేడా ఉన్నదో చెప్పలేకపోయినా ఏదో తేడా ఉన్నదని కన్ను పసిగడుతుంది.

అయినా పాట చివరకు వచ్చేసరికి పెదవి తప్పిపోయింది. కారణం కనుక్కోవడానికి ఒక ఆదివారం పట్టింది. ఫోను వెలుతురును బట్టి ఫ్రేముల వేగాన్ని కొద్దికొద్దిగా మార్చుకుంటుంది. శబ్దం మాత్రం సమవేగంతో పోతుంది. ఇద్దరు బాటసారులు ఒకేసారి బయలుదేరినా అడుగులలో తేడా ఉంటే నాలుగు మైళ్ల తరువాత దూరమవుతారు గదా! అందుకు విరుగుడుగా పాట చివర మరొకసారి చప్పట్లు కొట్టి తీశారు. తేడాను కొలిచి, చరణానికి చరణం విడదీసి సరిపుచ్చారు. అమ్మాయి ఓర్పు చూసి నాకు అచ్చుప్రూఫులు దిద్దే మా గురువుగారు గుర్తుకు వచ్చారు.

పాట మధ్య చూపడానికి పిల్లలు ఊరిబయటి పొలాలు తీసుకువచ్చారు. ఉదయపుటెండలో పచ్చని పైరు, గాలికి తరగలు. నాకు ముచ్చట వేసింది. పెద్దమ్మ చూసి నవ్వింది. "ఇది నాట్ల పాట బిడ్డా. మీరు చూపిచ్చేది పొట్టకొచ్చిన వరి. గప్పుడీ పాట ఎవలు పాడుతరు?" అన్నది. పచ్చనిదంతా ఒక్కటే అనుకున్న మా చదువు అక్కడ తేలిపోయింది. నాట్ల కాలం ఎప్పుడో దాటిపోయింది. ఉన్నా లాభం లేదు. ఆమె పనిచేసిన ఊరికి ఇప్పుడు నాట్లకు బెంగాల్ నుంచి, బీహార్ నుంచి కూలీలు వస్తున్నారట. వారి పాట వారిది.

చివరకు బొమ్మ ఆమె చేతులలోనే దొరికింది. పాడేటప్పుడు ఆమె కుడిచేయి ఊరికే ఉండదు. ఎడమచేతిలో లేని నారుకట్ట నుంచి లేని నాలుగు మొక్కలు విడదీసి, లేని బురదలో బొటనవేలితో అదుముతుంది. పిల్లలు ఫోనును నేల మీద పెట్టి ఆ చేతులను తీశారు. వెనుక వంటశాల గోడ, పక్కన బియ్యపు చేట. అంతకు మించిన పొలం నేను చూడలేదు.

అయిదవ ఆదివారం నాటికి చిత్రం పూర్తయింది. నా ఇంగ్లీషు మాటలూ ఎక్కాయి. అందులో ఒక చరణం ఉన్నది. అత్తవారింటి తలుపు చప్పుడుకు ఉలికిపడే కూతురిని గురించి తల్లి తన తమ్ముడితో చెప్పుకునే మాట అది. దానిని ఇంగ్లీషులోకి దింపడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. నా వృత్తిలో అటువంటి పంక్తి ఏడాదికి ఒకటి కుదిరితే గొప్ప. ముగిసిన చిత్రాన్ని పెద్దమ్మకు చూపారు. ఆ చరణం రాగానే ఆమె ముఖం మారింది.

"గా ముక్క తీసెయ్యుండ్రి బిడ్డా."

అది పాత పాటలోది కాదట. ఆమె కట్టి చేర్చినది. పిల్లలు బతిమాలారు. చిత్రానికి ప్రాణమే అది అన్నారు. నేనూ, సిగ్గుపడుతూ చెబుతున్నాను, ఒక మాట సాయం చేశాను. ఆమె ఓపికగా విని, "మడిల పాడితె గాలికి పోతది. ఫోన్ల పెడితె ఇంటికి పోతది. నా బిడ్డ అత్తగారోళ్లకు గూడ ఫోన్లున్నయి" అన్నది.

ఆపైన ఎవరూ మాట్లాడలేదు.

తరువాత అధ్యాపకురాలు చెప్పిన సంగతి ఇది: 1994లో కాపీరైటు చట్టాన్ని సవరించినప్పుడు ప్రదర్శించేవారికి కూడ హక్కు కల్పించారు. పాట ఎవరిదో తెలియకపోయినా పాడిన గొంతుకు హక్కుంటుంది. ఆ గొంతు అనుమతి లేకుండ దానిని పట్టి ఉంచరాదు. ప్రదర్శించేవారు ఎవరంటే గాయకులు, నటులతో పాటు గారడీవారినీ, పాములవారినీ కూడ చట్టం పేరు పెట్టి చెప్పింది. అటువంటి చట్టంలో బియ్యం ఏరే పెద్దమ్మకు చోటు లేకపోదు. పిల్లలు తెలుగులో అయిదు వాక్యాల అనుమతి పత్రం వ్రాసి ఆమెకు చదివి వినిపించారు. ఇటువంటి పత్రం మొదటి ఆదివారమే వ్రాయవలసినది. విద్యార్థులెవరైనా ఈ పనికి పూనుకుంటే మైకు కంటె ముందు దీనిని సిద్ధం చేసుకోవాలని నా సలహా. తీయడానికి ఒక అనుమతి, తీసినది చూపించిన తరువాత లోకానికి విడవడానికి మరొక అనుమతి ఉండాలి. మొదటిది ఇచ్చిన మనిషి రెండవది ఇవ్వకపోవచ్చు.

అమ్మాయి ఆ చరణాన్ని తీసివేసింది. తీసివేసిన చోటును మరొక చరణంతో పూడ్చలేదు. పదకొండు సెకన్ల పాటు మాట లేకుండ చేతులు మాత్రం నాట్లు వేస్తాయి. కింద నా అక్షరాలూ లేవు.

కార్తీక మాసంలో ఒక సాయంత్రం కళాశాల సభామందిరంలో చిత్రం వేశారు. పెద్దమ్మ వంటశాల పని ముగించుకుని వచ్చి వెనుక వరుసలో కూర్చున్నది. నాకు ఆమె పక్కన చోటు దొరికింది. పిల్లలు ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు, తరువాత నెమ్మదించారు. మాట లేని ఆ పదకొండు సెకన్లు వచ్చాయి. నేను ఆమె వైపు చూశాను. తెరమీది చేతులను చూస్తూ ఆమె పెదవులు కదుపుతున్నది. ఒక్క మాట బయటికి రాలేదు. తెరమీద మళ్లీ పాట అందుకునే సమయానికి ఆమె చరణమూ సరిగ్గా ముగిసింది.