పట్టా లేని రైతులు

2022 ఏప్రిల్ 4న నాయుడుపేట జిల్లా మారింది. ముందురోజు దాకా శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాలో ఉన్న ఊరు తెల్లారేసరికి తిరుపతి జిల్లాలో ఉంది. కలెక్టరును కలవాలంటే పట్టుకోవాల్సిన బస్సు కూడా మారిపోయింది. ఇష్టపడినవారున్నారు, నొచ్చుకున్నవారున్నారు. అయితే అంతకు ముందు, జనవరి చివరలోనే ప్రభుత్వం ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలు చెప్పుకోవడానికి 30 రోజుల గడువు పెట్టింది. చెప్పినవన్నీ విన్నారని ఎవరూ అనరు. కానీ జనాన్ని అడగాల్సిన బాధ్యతను చట్టం ప్రభుత్వం మీద ఉంచింది.

ఆ ముసాయిదాకు సరిగ్గా ఏడాది ముందు, 2021 జనవరిలో, ఇదే ఊరివాళ్ల ఫోన్లలోకి మరో నోటిఫికేషన్ వచ్చింది. వాట్సాప్ తన ప్రైవసీ విధానాన్ని మార్చింది. ఫిబ్రవరి 8లోగా ఒప్పుకోవాలి, లేకపోతే వాడలేరు. గొడవ రేగాక గడువును మే 15కు జరిపారు. అభ్యంతరం చెప్పుకోవడానికి మాత్రం ఎక్కడా చోటు లేదు. ఈ వ్యవహారం మీదే కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో వాట్సాప్ యజమాని అయిన మెటా సంస్థకు 213 కోట్ల రూపాయల జరిమానా వేసింది.

సామాజిక మాధ్యమాలను దేశాలతో పోల్చడం చాలాకాలంగా ఉన్నదే. ఫేస్‌బుక్‌ను నెలకోసారైనా తెరిచేవారు 300 కోట్లు దాటారు. భారత్, చైనా జనాభా కలిపినా అంత లేదు. డెన్మార్క్ అయితే 2017లో టెక్నాలజీ కంపెనీలతో మాట్లాడటానికే ఒక రాయబారిని నియమించింది. అయినా తలల లెక్క ఒక్కటే దేశాన్ని తయారుచేయదు. తిరుమల కొండకు ఏటా కోట్లమంది వస్తారు, వాళ్లంతా తిరుమల పౌరులు కారు.

సరిహద్దు అంటే ఏమిటో మన ప్రాంతానికి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల మధ్య తగాదాను మధ్యవర్తి పటాస్కర్ పరిష్కరించినప్పుడు పల్లెను యూనిట్‌గా తీసుకున్నారు. ఏ పల్లెలో ఏ భాష మాట్లాడేవారు ఎక్కువో జనాభా లెక్కల్లో చూశారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు పోయింది, చెంగల్పట్టు జిల్లా పల్లెలు కొన్ని ఇటు వచ్చాయి. ఆ నొప్పి రెండు వైపులా చాలాకాలం ఉంది. ఆ నొప్పి ఉండటమే దేశానికీ రాష్ట్రానికీ గుర్తు. మనిషి అక్కడ పుడతాడు, అక్కడ పన్ను కడతాడు, అక్కడ ఓటేస్తాడు. అతన్ని అందులోంచి తీసేసే అధికారం ఎవరికీ లేదు.

ఈ ఓటు పరీక్షకు ఫేస్‌బుక్ ఒకసారి నిలబడబోయింది. 2009లో తన నిబంధనల మార్పులపై వాడుకరుల ఓటింగ్ పెట్టింది. షరతు ఏమిటంటే, 30 శాతం మంది ఓటేస్తేనే ఫలితానికి కంపెనీ కట్టుబడుతుంది. 2012 డిసెంబరులో జరిగిన ఓటింగ్‌లో దాదాపు 6 లక్షల 68 వేల మంది పాల్గొన్నారు. పదిమందిలో తొమ్మిదిమంది దాకా మార్పు వద్దన్నారు. అప్పటికి వాడుకరులు 100 కోట్లు, కావాల్సిన ఓట్లు 30 కోట్లు. ఫలితం చెల్లలేదు. ఓటింగ్ పద్ధతినే ఎత్తేశారు. ఏ దేశంలోనైనా జనం ఓటుహక్కును ఇలా పోగొట్టుకుంటే దాన్ని కుట్ర అంటారు. ఇక్కడ అది కంపెనీ నిర్ణయంగా సాగిపోయింది. ఆర్కుట్ సంగతి ఇంకా సూటిగా జరిగింది. మూడు నెలల ముందు చెప్పి 2014 సెప్టెంబరు 30న మూసేశారు. టిక్‌టాక్‌ను మన ప్రభుత్వమే 2020 జూన్ 29న ఒక్క ఉత్తర్వుతో ఆపేసింది. అందులో ఊరూరా పేరు తెచ్చుకున్న తెలుగు కుర్రాళ్లు, ఇల్లాళ్లు ఆ రాత్రితో ప్రేక్షకులను పోగొట్టుకున్నారు.

కాబట్టి ఇవి దేశాలు కావు. అలాగని ఉత్త కంపెనీలు అనడమూ తప్పే. నియమాలు పెడతాయి, కాపలా కాస్తాయి, శిక్షిస్తాయి, వెలివేస్తాయి. ఇలాంటి అధికారానికి మన దగ్గర పాత పేరుంది: జమీందారీ.

నాయుడుపేట నుంచి పడమరగా వెళితే వెంకటగిరి వస్తుంది. 1802 నాటి శాశ్వత శిస్తు ఏర్పాటుతో జమీందారు ఈస్టిండియా కంపెనీకి పేష్కష్ అనే నిర్ణీత శిస్తు కట్టేవాడు, రైతుల నుంచి తాను వసూలు చేసుకునేవాడు. భూమి దున్నింది రైతు, లెక్క రాసుకుంది దివాణం. 1908లో మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం వచ్చి రైతుకు సాగుహక్కు ఇచ్చింది. పట్టా ఇవ్వాలని, రసీదు ఇవ్వాలని, చట్టప్రకారం తప్ప వెళ్లగొట్టకూడదని చెప్పింది. చట్టం కాగితం మీదుంటే చాలదని వెంకటగిరి రైతులు 1930లలో పోరాడాల్సి వచ్చింది. నెల్లూరు వెంకట్రామానాయుడి ‘జమీన్ రైతు’ పత్రిక వాళ్ల గొంతైంది. జమీందారీలను రద్దుచేసే చట్టం 1948లో గానీ రాలేదు.

ఇప్పుడు అదే వెంకటగిరిలో నేతచీరలకు ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో, ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముకుంటున్నారు. ఫొటో వాళ్లది, చీర వాళ్లది, ఏళ్ల తరబడి కూడగట్టుకున్న కొనుగోలుదారులూ వాళ్లవాళ్లే. ఆ జనం చూపు మీద వచ్చే ప్రకటనల డబ్బు మెటాది. ఆ సంస్థ ఆదాయంలో 95 శాతానికి పైగా అదే. ఒకరోజు నంబరు నిలిచిపోతే ఆ వ్యాపారి ఏ పట్టా చూపించి అడగాలి? 2023 ఏప్రిల్ ఒక్క నెలలో భారత్‌లో 74 లక్షల ఖాతాలను నిషేధించామని వాట్సాప్ తానే నివేదిక ఇచ్చింది. 2011 లెక్కల ప్రకారం తిరుపతి జిల్లా జనాభాకు ఇది మూడింతలకు పైగా. చాలావరకు మోసగాళ్లవే అయి ఉంటాయి, వాటిని తీసేయాల్సిందే. వాటి మధ్య పొరపాటున నలిగిన ఒక్క నేతగాడికి మాత్రం తలుపు తట్టడానికి ఒక చిరునామా ఉండాలి.

కేంద్రం 2021 నిబంధనల్లో, పెద్ద మాధ్యమాలు పోస్టు తీసేస్తే కారణం చెప్పాలని, వాదించుకునే అవకాశం ఇవ్వాలని రాశారు. 2023 జనవరిలో మూడు అప్పీలు కమిటీలు వేశారు. ఇది మన 1908. 2023లోనే వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో మాత్రం, మన సమాచారాన్ని మూటగట్టుకుని వేరేచోటికి తీసుకెళ్లే హక్కు లేదు. 2019 నాటి బిల్లులో ఉన్న ఆ హక్కు తుది చట్టానికి వచ్చేసరికి పోయింది. యూరప్ దాన్ని తన ప్రజలకు ఇచ్చింది. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద లోటు ఇదే.

ఆంధ్రప్రదేశ్‌కు ఈ విషయం మరీ దగ్గరిది. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో రాష్ట్ర ప్రభుత్వం 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. సేవ మంచిదే, ఆఫీసుల చుట్టూ తిరిగే కాళ్లకు విశ్రాంతి. కానీ ప్రభుత్వ కచేరీ ఇప్పుడు ఒక దివాణం ఆవరణలో నడుస్తోంది. 2021 అక్టోబరు 4న వాట్సాప్ ఆరు గంటల పాటు ప్రపంచమంతటా ఆగిపోయింది. ఈ సేవలు అప్పటికే ఉండి ఉంటే, ఆ పూట అవీ ఆగేవి.

మెటాతో ఒప్పందాన్ని తిరిగి రాసేటప్పుడు రాష్ట్ర ప్రభుత్వం ఒక షరతు చేర్చాలి: ఈ రాష్ట్రంలో ఎవరి ఖాతా నిలిపేసినా కారణం తెలుగులో చెప్పాలి, అప్పీలును మనిషే చూడాలి. ఆ షరతు ఒప్పందంలోకి ఎక్కే దాకా వాట్సాప్‌లో దొరికే ప్రతి సేవా సచివాలయం కిటికీ దగ్గర కూడా దొరకాలి.