గోపురం కూలితే పాపమెవరిది?

2021 డిసెంబర్ 10 రాత్రి అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రం ఎడ్వర్డ్స్‌విల్‌లో టోర్నడో విరుచుకుపడింది. అక్కడ టోర్నడోలు వసంతకాలంలో మామూలే, డిసెంబర్‌లో మాత్రం అరుదు. క్రిస్మస్ రద్దీలో ఉన్న అమెజాన్ గిడ్డంగి గోడలు, పైకప్పు కూలి ఆరుగురు మరణించారు.

ఇలాంటప్పుడు ‘అది దేవుని ఉగ్రత’ అని తేల్చేసే విశ్వాసులు మనలోనూ ఉన్నారు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి యేసుప్రభువే ప్రస్తావించాడు (లూకా 13:4,5). వారు ఇతరులకన్నా ఎక్కువ పాపులేమీ కారన్నాడు. వింటున్నవారినే మారుమనస్సు పొందమన్నాడు.

మరి మారుమనస్సు అంటే కన్నీటి ప్రార్థన ఒక్కటేనా? ఆపదలో ఎక్కడ తలదాచుకోవాలో కొందరు కార్మికులకు గుర్తులేదని 2022లో అక్కడి కార్మిక భద్రతాధికారులు చెప్పారు. చట్టం కోరిన కనీస జాగ్రత్తలు ఉన్నాయంటూ జరిమానా వేయలేదు, వాటిని మెరుగుపరచుకోమని లేఖ రాశారు. చట్టం అక్కడితో ఆగవచ్చు. పొరుగువాని పట్ల ప్రేమ ఆగకూడదు. కొత్త ఇల్లు కట్టేవాడు ఎవరూ జారిపడకుండా మిద్దెకు పిట్టగోడ కట్టించాలన్నది మోషే ధర్మశాస్త్రం (ద్వితీ. 22:8). మన దగ్గర పనిచేసేవారి కోసం, మన మందిరానికి వచ్చేవారి కోసం ఆ పిట్టగోడ కట్టామా? ప్రభువు మనల్ని అడిగేది అదే.